ఒక్క అంకె తేడా

డిస్కులో జాగా చాలడం లేదని, ఒక సాయంత్రం నా పాత ల్యాప్‌టాప్‌లో వాడకం లేని పార్టిషన్ తీసేశాను. మళ్లీ ఆన్ చేస్తే లినక్స్ రాలేదు. అలాంటి పార్టిషన్ లేదని నల్లటి తెర మీద ఇంగ్లిషులో ఒక ముక్క, దాని కింద ‘గ్రబ్ రెస్క్యూ’ అంటూ కర్సర్. అమ్మ ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. కాళ్లూ చేతులూ ఆడలేదు.

గ్రబ్ అనే ఆ బూట్ లోడర్ గురించి శ్రద్ధగా చదివింది ఆ రాత్రే. ఆన్ చేసేసరికి ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా డిస్కులోనే ఉంటుంది; దాన్ని మెమరీలోకి తెచ్చేదే బూట్ లోడర్. మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉండే బయోస్, డిస్కులోని మొట్టమొదటి సెక్టారును మాత్రమే మెమరీలోకి తెస్తుంది. అది 512 బైట్లు. అందులో పార్టిషన్ల పట్టికకు 64, బూట్ సెక్టారని చెప్పే గుర్తుకు 2 పోతే, ప్రోగ్రాముకు మిగిలేది 446. యూనికోడ్‌లో ఈ పేరా దాచుకోవడానికే ఆ చోటు చాలదు!

అంత చిన్న ప్రోగ్రాముకు ఫైళ్లు వెతకడం రాదు. పక్క సెక్టార్లలో ఉన్న గ్రబ్ అసలు భాగాన్ని పిలవడం ఒక్కటే వచ్చు. ఫైళ్లు చదవగలిగేది ఆ రెండోదే. ఇన్‌స్టాల్ చేసినప్పుడు రాసిపెట్టిన చిరునామాకు వెళ్లి మెనూ తెస్తుంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నల్‌ను మెమరీలోకి ఎక్కించి, పగ్గాలు దానికి అప్పగించి తప్పుకుంటుంది.

నేను తీసేసింది 5వ నంబరు లాజికల్ పార్టిషన్. దాంతో వెనకున్న 6 ముందుకు జరిగి 5 అయింది. గ్రబ్ పాపం ఇంకా 6 కోసమే వెతుకుతోంది.

ఆ కర్సర్ దగ్గర ‘ఎల్ఎస్’ అని కొడితే పార్టిషన్ల పేర్లు వచ్చాయి. ఒక్కొక్కటే తెరిచి చూస్తే 5లో బూట్ ఫోల్డర్ కనిపించింది. ఆ దారి చెప్పి, ‘నార్మల్’ మాడ్యూల్ ఎక్కించి నడిపితే మెనూ వచ్చేసింది. లోపలికి వెళ్లాక గ్రబ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను.

ఇప్పటి మెషిన్లలో బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ తనే ఫ్యాట్ పార్టిషన్ చదివి బూట్ ఫైలును పట్టుకుంటుంది. 446 బైట్ల ఇరుకు తీరింది. కానీ చిరునామా తప్పితే అదీ ఆగిపోవచ్చు.

అందుకే ఎవరైనా సిస్టమ్ పోయిందని తెస్తే ఫార్మాట్ మాట ఎత్తను. ఏ మెట్టు దగ్గర ఆగిందో చూస్తాను, చివరిసారి ఏం మార్చారని అడుగుతాను. ఆ రాత్రి కంగారులో ఫార్మాట్ కొట్టి ఉంటే, 6 బదులు 5 అని చెప్పాల్సిన చోట అమ్మ ఫొటోలన్నీ పోగొట్టుకునేవాణ్ని.