మలి అదురు

2020 జనవరి 26. తెల్లారకముందే ఫోన్ మోగింది. మేళ్లచెరువు పక్క ఊరి నుంచి అమ్మ. "బిడ్డా, భూమి గట్టిగ అదిరింది. మల్ల వస్తదా?"

నాకు జవాబు తోచలేదు. ఇరవై ఏళ్లుగా వార్తలు దిద్దుతున్నవాణ్ని. ఆఫ్టర్‌షాక్ అని వస్తే 'అనంతర ప్రకంపనలు' అని మార్చి పేజీ పంపేవాణ్ని. అమ్మ అడిగింది ఆ మాట గురించేనని ఆ రోజే తెలిసింది.

పాత నల్లగొండ జిల్లాలో, కృష్ణ ఒడ్డున ఉన్న ఆ ఊళ్లు వారాల ముందు నుంచే సన్నగా అదురుతున్నాయి. హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు అప్పటికే అక్కడ అదుర్లను కొలిచే యంత్రాలు పెట్టారు. ఆ రాత్రి వచ్చినదాని తీవ్రత 4.6. ముందు వచ్చినవీ, అదీ, తర్వాతవీ అన్నిటికీ మేం రాసింది ఒకే మాట: ప్రకంపనలు. రాజకీయాలకు వాడీ వాడీ అరిగిపోయిన మాటే.

భూమి లోపల రాయి ఒకచోట జారితే, చుట్టూ ఉన్న రాతి మీద ఒత్తిడి మారుతుంది. అది సర్దుకునేటప్పుడు వచ్చే అదుర్లే ఆఫ్టర్‌షాక్‌లు. రోజులు గడిచేకొద్దీ పలచబడతాయని జపాన్ శాస్త్రవేత్త ఒమోరి 1894లోనే లెక్క కట్టాడు. పదో రోజుకు సుమారు పదో వంతు. అయితే తగ్గేది ఎన్ని వస్తాయన్నదే. ఆ పదో రోజున వచ్చేది చిన్నదే అవ్వాలని లేదు. మొదటిదాన్ని మించినది వస్తే పేర్లే తారుమారవుతాయి: మనం అసలుదనుకున్నది ముందస్తు అదురైపోతుంది.

చోటు కూడా ముఖ్యమే. 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. మూడు రోజులకు పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, 3.0. ఇది దాని తరువాయేనా అని చాలామంది అడిగారు. మధ్యలో సుమారు 300 కిలోమీటర్లు. 5.3 భూకంపానికి జారే రాతి పొడవు కొద్ది కిలోమీటర్లే. దాని తరువాయి అదుర్లు ఆ దగ్గర్లోనే పుడతాయి. పాలమూరుది పాలమూరుదే.

'అనంతర' అన్నప్పుడు కథ అయిపోయిందన్న ధ్వని వినిపిస్తుంది. నేనిప్పుడు 'మలి అదురు' అని రాస్తున్నాను. తొలిదశ, మలిదశ తెలంగాణ ఉద్యమాలు చూసిన నేలకు ఆ మాట విప్పి చెప్పక్కర్లేదు. మలిది చిన్నదని మనం ఎప్పుడూ అనుకోలేదు కదా.

అమ్మకు ఆ తెల్లవారుజామున చివరికి ఇదే చెప్పాను: "వస్తదమ్మా. రోజురోజుకు తక్కువైతయి. పగులు పడ్డ గోడ పక్కన మాత్రం పండకు."