దెబ్బ గోళీల మీద పడకూడదు

అరవై కిలోమీటర్ల వేగం దాటగానే మొదలవుతుంది. ఊరవతల పిండిమర ఆడుతున్నట్టు సన్నటి హోరు. ఎనభైకి చేరేసరికి పక్క సీట్లో మనిషి చెప్పేది సగమే వినపడుతుంది. చాలామంది దీన్ని టైర్ల మోత అనుకుని నెలల తరబడి నెట్టుకొస్తారు. కొందరు కొత్త టైర్లు కూడా వేయించుకుంటారు. హోరు మాత్రం అలాగే ఉంటుంది, ఎందుకంటే అది వచ్చేది చక్రం లోపలి బేరింగు నుంచి.

మా ఇంట్లో ఉన్నది పాత మారుతి 800. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఈ కారు తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది కానీ, కృష్ణా జిల్లా ఊళ్లలో ఇప్పటికీ బోలెడు తిరుగుతున్నాయి. దాన్ని బాగు చేయించుకునే క్రమంలో మెకానిక్కుల పక్కన నిలబడి, పానాలు అందిస్తూ, తర్వాత నేనే చెయ్యి పెడుతూ నేర్చుకున్న పనుల్లో వీల్ బేరింగు మార్చడమంటే నాకు ప్రత్యేకమైన గౌరవం.

ముందు ఆ హోరు ఎక్కడిదో పట్టుకోవాలి. ఖాళీ రోడ్డు మీద క్లచ్చి తొక్కి ఇంజన్ వేగం తగ్గనిచ్చినా మోత తగ్గకపోతే ఇంజన్ జోలికి వెళ్లక్కర్లేదు. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డుకు మారినప్పుడు మోత తీరు కూడా మారితే అది టైరు, మారకపోతే బేరింగు మీదే అనుమానం. స్టీరింగు కొంచెం ఎడమకు తిప్పితే కారు బరువు కుడి చక్రాల మీదికి ఒరుగుతుంది. అప్పుడు మోత హెచ్చితే పోయింది కుడివైపుది. కుడికి తిప్పినప్పుడు హెచ్చితే ఎడమది. మలుపులో టకటకమని కొడుతుంటే అది వేరే జబ్బు, డ్రైవ్ షాఫ్టు చివర ఉండే సీవీ జాయింటుది.

తర్వాత కారును జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూస్తారు. ఆట ఉంటే బేరింగు పోయినట్టే అనుకోవచ్చు. ఆట లేనంత మాత్రాన బాగున్నట్టు కాదు. నాకు నమ్మకమైన పరీక్ష ఇంకొకటి ఉంది. ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేతి వేళ్లు సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించాలి. అరిగిన బేరింగు గరగర ఆ స్ప్రింగు తీగ వెంట వచ్చి వేళ్లకు తగులుతుంది. అవతలి చక్రం దగ్గర కూడా అలాగే చేసి చూస్తే అనుమానానికి తావుండదు. చెవికి అందనిది చేతికి తెలుస్తుంది.

800కి ముందు చక్రం ఒక్కొక్కదానికి రెండు బాల్ బేరింగులు, వాటి మధ్య ఒక స్పేసరు ఉంటాయి. బేరింగంటే లోపలి రింగు, బయటి రింగు, నడుమ గోళీలు, ఆ గోళీలు ఒకదాన్నొకటి రాసుకోకుండా ఆపే పంజరం, కాస్త గ్రీజు. అంతే. కానీ వాటి మీద పడే చాకిరీ చూడండి. ఈ కారు టైరు ఒక చుట్టు తిరిగితే మీటరున్నర పైచిలుకు దూరం పోతుంది. అంటే కిలోమీటరుకు 600కు పైగా చుట్లు. విజయవాడ నుంచి హైదరాబాదు 275 కిలోమీటర్లనుకుంటే ఒక్క ప్రయాణానికి లక్షన్నర దాటిన చుట్లు. అన్ని చుట్లలోనూ కారు బరువులో ఆ చక్రం వాటా మోసేది ఈ గోళీలే. పైగా బాల్ బేరింగు మీద బరువు రెట్టింపయితే ఆయుష్షు సగానికి కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అయిదుగురు ఎక్కాల్సిన కారులో ఎనిమిది మందినీ, డిక్కీ నిండా బియ్యం బస్తాలనూ ఎక్కించి గుంతల్లో నడిపినప్పుడు ఆ భారమంతా ఎక్కడికి పోతుందో చాలామందికి తట్టదు.

గోళీల మీద చక్రం నడిపించాలన్న ఆలోచన పాతదే. వేల్స్‌లో ఫిలిప్ వాన్ అనే ఆయన 1794లోనే బండి ఇరుసు కోసం దానికి పేటెంటు తీసుకున్నాడు. అన్ని గోళీలనూ ఒకే కొలతకు, నిజమైన గుండ్రంగా చేయడమే కష్టమైంది. 1883లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ ఊళ్లో ఫ్రీడ్రిష్ ఫిషర్ అలా నూరే యంత్రం తయారుచేశాక ఈ పరిశ్రమ నిలదొక్కుకుంది. ఇవాళ మంచి గ్రేడు గోళీలో గుండ్రదనం తేడా మైక్రానులో పావు వంతు మించకూడదు. మన వెంట్రుక మందమే 50 మైక్రాన్లకు పైన ఉంటుంది. అంత నాజూకైన వస్తువు అది. మన షెడ్లలో చాలాచోట్ల దాన్ని రెండు కిలోల సుత్తితో లోపలికి దింపుతారు. నా బాధంతా అక్కడే.

ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన మేస్త్రి గారు కొత్త బేరింగు డబ్బా విప్పే ముందు ప్రతిసారీ ఒకటే మాట అనేవారు. "దెబ్బ గోళీల మీద పడకూడదండీ. పడిందా, కొత్తది అక్కడే పాతదైపోద్ది." బేరింగును నకిల్ అనే ఉక్కు ఇంట్లోకి దింపేటప్పుడు బిగుతు బయటి రింగుకు ఉంటుంది, కాబట్టి బలం బయటి రింగు మీదే పెట్టాలి. చక్రాన్ని బిగించే హబ్బును బేరింగులోకి దింపేటప్పుడు బిగుతు లోపలి రింగుకు ఉంటుంది, అప్పుడు లోపలి రింగుకు కింద ఆధారం ఇవ్వాలి. ఇది తారుమారైతే బలమంతా గోళీల గుండా పోతుంది. గోళీ తాకిన ప్రతిచోటా రింగులో కంటికి కనపడనంత చిన్న గుంట పడుతుంది. తర్వాత గోళీ ఆ గుంట మీదుగా వెళ్లిన ప్రతిసారీ తడబడుతుంది. కొన్ని నెలలకు మళ్లీ అదే హోరు. బండి యజమాని వచ్చి సరుకు నకిలీదని తిట్టిపోస్తాడు. నకిలీ సరుకు బజారులో ఉన్నమాట నిజమే, నమ్మకమైన దుకాణంలో బిల్లుతో కొనాల్సిందే. అయితే సిసలైన బేరింగులు కూడా బిగించే చేతుల్లోనే ఎన్నో పాడవుతున్నాయి.

ఈ పనికి మేస్త్రి గారి పద్ధతి ఇలా ఉండేది. చక్రం నేల మీద ఉండగానే హబ్బు నట్టు వదులు చేసేవారు, లేపాక దాంతో కుస్తీ పట్టడం ప్రమాదం. బ్రేకు కాలిపర్ విప్పి గొట్టానికి వేలాడదీయకుండా స్ప్రింగుకు తీగతో కట్టేవారు. హబ్బు ఊడి వచ్చినప్పుడు పాత బేరింగు లోపలి రింగు దానికే అతుక్కుని వస్తుంది. దాన్ని గ్రైండరుతో ముప్పాతిక మందం దాకా కోసి, ఆ కోతలో ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే ఠప్పున చీలుతుంది. కోత ఆఖరి దాకా పోతే హబ్బుకే గాటు పడుతుంది. ఆ రింగును కిరసనాయిలుతో కడిగి వెలుతురులో తిప్పి చూస్తే అద్దంలా ఉండాల్సిన దారిలో ఒకచోట పెచ్చు లేచి, చుట్టూ బూడిద రంగు మచ్చ కనపడుతుంది. గోరుతో గీస్తే తగులుతుంది. అంత హోరుకూ కారణం ఆ మచ్చే.

శుభ్రం చేయడానికే ఎక్కువసేపు పట్టేది. నకిల్ లోపల తుప్పు రేణువు మిగిలితే బేరింగు వంకరగా కూర్చుంటుంది. కొత్త బేరింగును ముందురోజు రాత్రి ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రీజరులో పెట్టి ఉంచుతాను నేను. ఆరు సెంటీమీటర్ల రింగు 40 డిగ్రీలు చల్లబడితే మిల్లీమీటరులో నూటికి మూడు వంతుల దాకా ముడుచుకుంటుంది. బేరింగును నొక్కి దింపే ప్రెస్సు యంత్రం పనికి ఆ కాస్తా చాలు. రెండు బేరింగుల నడుమ స్పేసరు మరిచిపోతే మాత్రం ఎంత జాగ్రత్తా వృథా. నట్టు బిగించినకొద్దీ లోపలి రింగులు ఒకదాని వైపు ఒకటి జరిగి గోళీలను పక్కకు నొక్కేస్తాయి. చివర్లో ఆ నట్టుకు టార్క్ రెంచి పెట్టి కారు మాన్యువల్‌లో ఉన్నంతే బిగించాలి. చేతి బలానికి వదిలేసే నట్టు కాదది.

సుత్తితో పావుగంటలో అయ్యేదాన్ని ప్రెస్సు దాకా తీసుకెళ్తే పూట గడుస్తుంది. ఆ పూటకు కూలి అడిగితే మనం బేరమాడతాం. పక్క షెడ్డులో సగానికే చేస్తున్నాడంటాం. మన బండి చేసే కుర్రాడు ప్రెస్సు ఖర్చు మిగుల్చుకోవడానికి సుత్తి అందుకుంటాడు. ఈ విషయంలో తప్పు కుర్రాడి కంటే మనదే ఎక్కువని నా అభిప్రాయం. బేరింగు కొనేటప్పుడు మంచి కంపెనీదే కావాలని పట్టుబట్టేవాళ్లం, "ప్రెస్సు మీద ఎక్కిస్తావా బాబూ, ఎంతైనా ఇస్తాను" అని ఒక్కసారి అడిగితే పని తీరే మారుతుంది. పనయ్యాక పాత బేరింగులు ఇమ్మనండి. నకిల్‌ను సస్పెన్షన్‌కు పట్టి ఉంచే స్ట్రట్ బోల్టులు విప్పారు కాబట్టి వీల్ అలైన్‌మెంటు కూడా చూపించండి. మోత లేని అవతలి చక్రాన్ని మాత్రం జత కోసమని విప్పించొద్దు. బాగున్నదాన్ని కదిపితే వచ్చే లాభం లేదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వీధులకు వీధులే మునిగినప్పుడు కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలబడ్డాయి. ఇంజన్లు, సీట్లు, వైరింగు బాగు చేయించుకున్నారు గానీ చక్రాల సంగతి ఎంతమంది చూపించుకున్నారో. సీలు దాటి లోపలికి పోయిన బురదనీళ్లకు గ్రీజు విరిగిపోతుంది, రింగు తుప్పు పడుతుంది, మోత నెలలు గడిచాక గానీ బయటపడదు. అలా మునిగిన పాత కారు ఉన్నవాళ్లూ, కొన్నవాళ్లూ హోరు కోసం ఎదురుచూడకుండా నాలుగు చక్రాలూ లేపించి, తిప్పించి, స్ప్రింగు మీద వేళ్లు పెట్టి చూసుకోండి. 800 అయితే వెనక డ్రమ్ముల్లోని బేరింగులు విప్పడం ముందువాటి కంటే తేలిక, పని అక్కడి నుంచి మొదలుపెట్టించండి.