చదరపు అడుగుల వైఫై

వైఫై పెట్టెలు అమ్ము అంగడికి పోయినచో ప్రతి అట్టపెట్టె మీదను మూడు సంగతులు పెద్ద అక్షరములతో కనుపించును. సెకనుకు ఇన్ని మెగాబిట్ల వేగము అనుట ఒకటి. ఇన్ని వేల చదరపు అడుగుల ఇంటికి చాలుననుట రెండవది. పెట్టెకు గల ఆంటెనాల సంఖ్య మూడవది. విజ్ఞానశాస్త్ర గ్రంథమును ఎన్నడును చేతబట్టని వారు సైతము ఈ అట్టను చదివి, నమ్మి, డబ్బు చెల్లించుచున్నారు. కావున దీనిని కూడ ఒక శాస్త్ర రచనగా భావించి, అందలి తప్పొప్పులను పరిశీలించుట అనుచితము కాదు.

వేగము సంగతి సులభముగా తేలిపోవును. 'ఎ.ఎక్స్. 3000' అను గుర్తు గల పెట్టెలందు సామాన్యముగా 2.4 గిగాహెర్ట్జుల పట్టీ మీద 574, 5 గిగాహెర్ట్జుల పట్టీ మీద 2402 మెగాబిట్ల వేగము లెక్క కట్టబడును. ఈ రెంటిని కూడి, పై చిల్లర సరిచేసి, 3000 అని అచ్చు వేసినారు. ఒక ఫోను ఒక సమయమున వీనిలో ఏదో ఒక పట్టీనే వాడుకొనును. విజయవాడ నుండి గుంటూరునకు ఒక బస్సు గంటకు 40 కిలోమీటర్లు, మరియొకటి 60 కిలోమీటర్లు పోవుచుండగా, యజమాని 'మా వేగము 100' అని బోర్డు కట్టినట్లున్నది. కూడిక తప్పు కాదు. ఆ వేగముతో గుంటూరు చేరినవాడు మాత్రము లేడు.

అసలు చిక్కు చదరపు అడుగులలో ఉన్నది. చదరపు అడుగు నేలకు కొలత; తరంగమునకు కావలసినది దారిలో ఎన్ని గోడలు, ఎట్టి గోడలు అనునది. ఒక చిన్న లెక్క చూడవచ్చును. ఆరుబయట దూరము రెట్టింపైనచో అందు శక్తి నాలుగవ వంతగును. ఆ ప్రకారము 3 మీటర్ల దూరమున అందు శక్తిలో 12 మీటర్ల దూరమున 16వ వంతు అందును. ఇప్పుడు నడుమ మూడు గోడలున్నవనియు, ఒక్కొక్క గోడ తనపై బడిన శక్తిలో నాలుగవ వంతును మాత్రమే సాగనిచ్చుననియు అనుకొన్నచో, గోడల మూలముగా మిగులునది 64వ వంతు. రెండును గుణించినచో 1024వ వంతు. దూరము చేసిన నష్టము కన్న గోడలు చేసిన నష్టమే మిక్కుటమని తెలియుచున్నది. ఇనుప చువ్వలు గల కాంక్రీటు శ్లాబు మామూలు ఇటుక గోడ కన్న ఎక్కువగా అడ్డుపడును. ఇనుప బీరువా తరంగములను వెనుకకు పరావర్తనము చేయును. నీళ్ల డ్రమ్ము వానిని శోషించుకొనును.

కోస్తా జిల్లాల పాత మండువా లోగిలిని గమనింపుడు. గోడలు మందమే గాని, నడుమ ఆకాశమునకు తెరచిన వాకిలి గలదు. దాని చుట్టునున్న వసారాలో రౌటరును ఉంచినచో చాల గదులకు ఒక గోడ మాత్రమే అడ్డు. అంతే వైశాల్యము గల నేటి మేడయందు, ఫైబరు తీగ తెచ్చినవాడు వీధి గదిలోనే, టి.వి. వెనుక, రౌటరును తగిలించి పోవును. వెనుక గదికి మూడు గోడలు, పై అంతస్తునకు ఒక శ్లాబు అడ్డగును. రెండు ఇండ్లకును అట్ట మీది అంకె ఒక్కటే. ఇట్టి అంకెకు అర్థమేమున్నది?

ఈ సందర్భమున, వాడుకలో నున్న ఒక వివరణమును కూడ సరిదిద్దవలసి యున్నది. 5 గిగాహెర్ట్జుల తరంగము గాలిలో త్వరగా అలసిపోవునని పలువురు చెప్పుచుందురు. ఇంటి కొలది దూరములలో గాలి శోషించునది లెక్కకు రాదు. 2.4 గిగాహెర్ట్జుల తరంగదైర్ఘ్యము సుమారు 12.5 సెంటీమీటర్లు, 5 గిగాహెర్ట్జుల దానికి సుమారు 6. తరంగదైర్ఘ్యము తగ్గినకొలది దానికి తగిన ఆంటెనా చిన్నదగును. చిన్న ఆంటెనా పట్టుకొను శక్తియు తక్కువే. దీనికి తోడు సామాన్యమైన గోడలు పెక్కు ఈ పొట్టి తరంగములను మరింత అడ్డగించును. తప్పు గాలిది కాదు.

ఆంటెనాలు ఎన్ని యున్నవను దానికన్న అవి ఎటు నిలిచినవను విషయము ముఖ్యము. నిలువు కడ్డీ నుండి తరంగములు గారె ఆకారమున వ్యాపించును. గారె చిల్లులో పుల్ల గుచ్చినట్లు కడ్డీ ఉండును. ప్రక్కలకు బలమెక్కువ, పుల్ల కొసల వైపు, అనగా సరిగా పైకిని క్రిందికిని, చాల తక్కువ. మేడ మీద సరిగా రౌటరు నెత్తిన నున్న గదిలో పాఠము అందకపోవుటకు ఇదియు ఒక కారణము కావచ్చును. ఒక కడ్డీని అడ్డముగా వంచి చూచుటకు ఖర్చేమియు లేదు.

రిపీటరును గూర్చి అట్ట చెప్పునది సగము నిజము. అందని గదికి అది వైఫైని అందించునన్నది సత్యమే. అయితే కొన్నవారు దానిని ఆ అందని గదిలోనే తగిలింతురు. అచ్చట దానికే ఏమియు వినబడదు. రౌటరు మాట ఇంకను బాగుగా వినబడు నడిమి చోటున దానిని ఉంచవలెను. మరియు ఒకే పట్టీ మీద వినుట, తిరిగి చెప్పుట రెండును చేయు రిపీటరు వలన వేగము సుమారు సగమునకు పడిపోవును. ఫోను మీది గీతలు నిండుగనే యుండును. అవి చూపునది ప్రక్కనున్న రిపీటరు బలమును గాని, దాని వెనుక దారిని కాదు. పరీక్షకు చదువు విద్యార్థి గీతలు చూచి ధైర్యపడును, పాఠము ఆగి ఆగి వచ్చును, తుదకు తప్పు ఫోనుదని ఇంటివారు వేరు ఫోను కొందురు. 'మెష్' అను పెట్టెల జతలలో, తమలో తాము మాట్లాడుకొనుటకు వేరు రేడియో గలవి ఈ విషయమున మేలైనవి. గోడల లెక్క మాత్రము వానికిని తప్పదు.

న్యాయముగా చెప్పవలెనన్న, పెక్కు అట్టల అడుగున చిన్న అక్షరములతో, గోడలు మొదలగు వానిని బట్టి ఫలితము మారునని వ్రాసియే యుండును. శాస్త్రము ఆ చిన్న అక్షరములలో ఉన్నది.

ఉన్నత పాఠశాల విద్యార్థి దీనిని స్వయముగా కొలిచి చూడవచ్చును. పెక్కు ఫోనులలో ఉచితమైన ఆప్ ఒకటి వేసికొన్నచో, అందుచున్న శక్తిని డెసిబెల్ లెక్కలో, ఋణ సంఖ్యగా చూపును. -50 మంచి బలము. -80 చాల నీరసము. ఈ రెంటి నడుమ 30 డెసిబెళ్ల తేడా, అనగా వేయి రెట్లు. ఇంటి పటము గీచి, గదిగదికిని ఒకే ఎత్తున నాలుగైదు మారులు కొలిచి, సగటు వ్రాయవలెను. కొలుచువాడు నాలుగు దిక్కులకును తిరుగవలెను. నీటితో నిండిన మానవ శరీరము కూడ అడ్డమే. పిదప రౌటరును ఇంటి నడిమికి, తల ఎత్తునకు మార్చి మరల కొలిచినచో, కొత్త పెట్టె అవసరమో కాదో కొంతవరకు తేలును.

అవసరమైనచో, గాలి మీద కన్న తీగ మీద నమ్మకము మేలు. రెండవ పెట్టెను తీగతో రౌటరునకు కలిపినచో వేగము సగమగు బాధ లేదు. ఇల్లు కట్టునపుడు కరెంటు పైపుల వలెనే వీధి గది నుండి వెనుక గదికి వేరొక పైపు వేయించినచో తరువాత తీగ లాగుట గంట పని. కట్టిన ఇంటియందు అటక మీదుగా, ద్వారబంధముల వెంట లాగవచ్చును. సామాన్యమైన రాగి నెట్‌వర్కు తీగ 100 మీటర్లకు మించరాదు. ఎంత పెద్ద ఇంటికైనను సాధారణముగా అంత పొడవు పట్టదు.