సరమ సంతతి

2025 ఫిబ్రవరి 22వ తేదీ ఉదయమున, నాగర్‌కర్నూలు జిల్లా దోమలపెంట చెంత, శ్రీశైల జలములను కొండ కడుపులోనుండి నల్లగొండ నేలకు మళ్లించుటకై తొలుచుచున్న ఎస్.ఎల్.బి.సి. సొరంగములో, ముఖద్వారమునకు ఇంచుమించు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలి, నీరును బురదయు ఒక్కపెట్టున విరుచుకుపడగా ఎనమండుగురు ఆ చీకటిలో చిక్కుకొనిపోయిరి. వారిలో నలుగురు జార్ఖండువారు. తక్కినవారు ఉత్తరప్రదేశ్, పంజాబు, జమ్మూకాశ్మీరములనుండి వచ్చినవారు. దేశములోని ఆనకట్టలకెల్ల మట్టితట్ట మోసినదని పేరుపడిన పాలమూరు నేలకు ఇట్లు పరాయి సీమలనుండి పనివారు వచ్చి ఆపదపాలగుట చూచినప్పుడు, గద్వాలలోనో వనపర్తిలోనో వలసపోయిన కొడుకు కబురుకై అరుగుమీద కూర్చుండి ఎదురుచూచిన ముసలితల్లులకు ఆ ఎనిమిది ఇండ్ల నిరీక్షణ యెట్టిదో ఒకరు చెప్పనక్కరలేకపోయినది.

సైన్యము వచ్చెను, నౌకాదళము వచ్చెను, సింగరేణి రక్షణ బృందములు వచ్చెను, ఎలుకబొరియల పద్ధతిలో గని త్రవ్వువారు వచ్చిరి. భూమిలోనికి తొంగిచూచు రాడార్లును వచ్చినవి గాని, రాడారు మట్టిలో ఏదో వస్తువున్నదని చెప్పగలదే తప్ప అది ఇనుమో మనిషియో తేల్చి చెప్పజాలదు. ఇంచుమించు రెండు వారములకు, మార్చి 7న కేరళ పోలీసుల జాగిలములు రెండు, మాయ, మర్ఫీ అనునవి, సొరంగపు బుల్లిరైలులో లోనికి పోయినవి. బెల్జియన్ మాలినోయిస్ జాతికి చెందిన ఈ రెండును అంతకుముందు 2024లో వయనాడు కొండచరియలు విరిగిపడినప్పుడు మట్టి వాసన చూచినవే. అవి ముట్టె ఆనించి నిలిచిన తావున త్రవ్వగా మార్చి 9న సొరంగ యంత్ర చోదకుని దేహము బయటపడినది.

వెదకుటకు కుక్కను పంపుట మనకు క్రొత్త గాదు. పణులు అపహరించి దాచిన గోవుల జాడ తీయుటకై ఇంద్రుడు సరమ అను దేవశునిని పంపిన కథ ఋగ్వేదములోనిది. తన బిడ్డను నిష్కారణముగా కొట్టిరని జనమేజయుని నిలదీసి శపించిన సరమయు ఆ పేరిటిదే. కుక్కకు సారమేయమను మాట ఆమె వలననే వచ్చినది. ఇంతటి వంశచరిత్ర గల ప్రాణి పేరు పెట్టి మనము ‘కుక్క బ్రతుకు’ అని తిట్టుకొనుట చిత్రమే.

ఈ విద్యలో మొదట తెలియవలసినది గాలి. కళ్లములో చేట యెత్తి ధాన్యము తూర్పారబట్టునప్పుడు గింజ కాళ్లకడ రాలి, పొట్టు గాలివాటున విసనకర్రవలె విచ్చుకొని పోవును గదా! మనిషి దేహమునుండియు అట్లే కంటికి కానరాని చర్మపు పొట్టు అనుక్షణము రాలుచు, చెమట వాసనను మోసికొని గాలివాటున వెడల్పుగా పరచుకొనును. మనకు ఘ్రాణ గ్రాహకములు 60 లక్షలున్న, కుక్కకు 30 కోట్ల వరకు ఉండునట. శిక్షకుడు దానిని గాలికి ఎదురుగా నడిపింపగా, అది ఆ విసనకర్ర అంచును తాకినంతనే తల విసరి, అటునిటు వంకరటింకరగా పరుగెత్తి, అంచులను కొలుచుకొనుచు పిడికి చేరును. వేసవి మధ్యాహ్నములందు నాలుక వ్రేలవేసి వగర్చు కుక్క వాసన చక్కగా పట్టజాలదు. కావున మన సీమలో ఈ పని తెల్లవారుజామునకో ప్రొద్దువాలిన పిదపనో తగును. సొరంగములోనన్న గాలి సహజముగా వీవదు; పంకాలు త్రోసిన గాలియే గాలి, పైగా చమురు వాసన, తుప్పు వాసన; బురదనీటితో జారిపోయిన వాసన దేహమునకు దూరముగా వేరొక పగులులోనుండి పైకి తేలవచ్చును.

శిక్షణ మాత్రము ఆటతో మొదలగును. బంతిని గడ్డిలో విసరివైచిన, అది కనబడకున్నను విసుగక వెదకు కూనను ఏరుకొందురు. రెండు నిమిషములకు మరచి సీతాకోకచిలుక వెంటపడు కూన ఎంత అందగత్తెయైనను ఇందుకు పనికిరాదు. ఒకడు దాని బంతి తీసికొని దాని కన్నులయెదుటనే పరుగెత్తి చాటుకు పోవును. కూన వెంటబడి కనుగొని మొరిగినంతనే బంతి దక్కును. పిమ్మట కనబడకుండ దాగుదురు, ఆపైన పెట్టెలో, తుదకు కూల్చిన గోడల రాళ్లక్రింద. ప్రాణమున్నవారిని వెదకు జాగిలమునకు మొరుగుట గురుతు. మృతులను వెదకు దానికి, త్రవ్వి చెరుపకుండుటకై, కదలక కూర్చుండుటయో పరుండుటయో నేర్పుట పరిపాటి.

ఇందు నాకు మిక్కిలి గొప్పగా తోచినది ఖాళీ వెదకులాట. ఎవ్వరును లేని తావులో జాగిలమును విడుతురు. అది అంతయు గాలించి, ఏమియు లేదని మౌనముగా మరలి రావలెను. బంతిపై ఆశతో ఒక్కసారి అబద్ధపు మొరుగు మొరిగి ఫలము పొందిన కుక్క, ఆపదవేళ పదిమంది చేత వ్యర్థముగా బండలెత్తించును. అబద్ధమును కుక్కకు నేర్పువాడు తరచుగా శిక్షకుడే. దాగినవాని తావు తనకు తెలిసినచో అతని నడక మందగించును, చూపు నిలుచును, కుక్క ఆ చూపును చదివి కూర్చుండును. కావుననే కొన్ని పరీక్షలలో ఆ తావు శిక్షకునకు కూడ తెలియనీయరు, ఒక కుక్క చెప్పినదానిని రెండవ దాని చేత చెప్పించుకొందురు. 2023 ఫిబ్రవరి భూకంపమునకు తుర్కీకి పోయిన మన ఎన్.డి.ఆర్.ఎఫ్. దళములోని జూలీ యను లాబ్రడారు నూర్దాగిలో ఒక శిథిలముపై మొరుగగా, రోమియో యను రెండవ దానిని పంపి రూఢి చేసికొని, ఆరేండ్ల బాలికను సజీవముగా వెలికితీసిరి.

దోమలపెంటలో ఆ భాగ్యము లేకపోయినది. మార్చి 25న రెండవ దేహము లభించెను; తక్కిన ఆరుగురి దేహములు అన్వేషణ నిలుపునాటికిని దొరకలేదు. ప్రాణము పోయిన పిదప ఈ వెదకులాట యెందుకని ఎవరైన అడిగినచో, కొరివి పెట్టుటకు దేహము లేని యింట దినవారములు ఎట్లు జరుగునో చూచిన వారినే అడుగుమందును. నల్లమల పాదమున, కృష్ణ ఒడ్డున ఉన్న మన జిల్లాలకు ఇట్టి జాగిలముల జత ఒకటి ఇంత దూరమునుండి గాక చేరువలోనే ఉండవలెనని నా యభిప్రాయము.

ఒక్క మాట మిగిలినది. దొరికినది శవమైనను జాగిలమునకు బంతి ఇయ్యక తప్పదు, దానికిది ఆటయే గదా. ఇయ్యనిచో మరునాడు వెదకదు. ప్రక్కన బంధువులు కుమిలిపోవుచుండగా దానితో ఎగిరి గంతులు వేయుట శిక్షకునకు మనసొప్పదు. అందుకని అతడు దాని తల నిమిరి, గొలుసు పట్టి నాలుగడుగులు మరుగునకు నడిపించి, అచట ఎవరికిని వినబడనంత మెల్లగా మెచ్చుకొనుచు, బంతి విసరును.