అన్నప్రాశనమునకు మరునాడు

విజయవాడ నుండి మచిలీపట్టణము పోవు రహదారిలో గుడివాడ త్రోవ చీలుచోట పామర్రు ఉన్నది. చుట్టును వరి పొలములు. కృష్ణానదిపై 1855లో ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ డెల్టా వరికి నెలవైనది; ఆ పాత ఆనకట్టకు బదులు 1957లో ప్రకాశం బరాజు వచ్చినది. ఇట్టి సీమలో తల్లిపాల తరువాత బిడ్డ నాలుకకు తొలుత తగులునది బియ్యపు పరమాన్నమే యగుటలో వింత లేదు. మేనమామ ఒడిలో కూర్చుండబెట్టి, వెండి గిన్నెలోని పరమాన్నమును నాలుకకు రాచి, పిమ్మట పుస్తకము, కలము, బంగారము ముందుంచి బిడ్డ దేనిని పట్టుకొనునోయని చూతురు. బిడ్డ వృత్తిని గూర్చి ఇంత కుతూహలము చూపు బంధువులలో, మరునాడు ఆ బిడ్డ గిన్నెలో ఏమున్నదని అడుగువారు అరుదు. అన్నప్రాశనమును విమర్శింపవలసినచో ఇక్కడనే విమర్శింపవలెను.

సంప్రదాయము మగబిడ్డకు సరి మాసములను, అనగా ఆరవ ఎనిమిదవ మాసములను, ఆడబిడ్డకు బేసి మాసములను, అనగా ఐదవ ఏడవ మాసములను విధించినది. దీనిని చూపి, నేటి వైద్యులు చెప్పుచున్న ఆరు నెలల నియమమును పూర్వులు ముందే కనుగొనిరని చెప్పుట పరిపాటి. లెక్క వేసి చూచినచో ఈ మాట పూర్తిగా నిలువదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పునది ఆరు నెలలు నిండుట, అనగా 180 దినములు. సంప్రదాయము చెప్పునది నడుచుచున్న మాసము. చాంద్రమాసమునకు ఇరువదితొమ్మిదిన్నర దినములు గనుక ఆరవ మాసము 148వ దినమునకే ప్రవేశించును. ఐదవ మాసము 118 దినములు గడువగానే ప్రవేశించును. అనగా ఆడబిడ్డకు నియమమునకు రెండు నెలల ముందే ముహూర్తము కుదురవచ్చును. జీర్ణకోశమునకు ఆడ మగ భేదము లేదు. సరి బేసి అసలే తెలియవు. అయినను ఒక్కనాడు నాలుకకు రాచిన పరమాన్నము వలన పెద్ద హాని కలుగదు. ముహూర్తమైనది గదాయని మరునాటి నుండి నీళ్ళ గంజి పట్టి, ఆ మేరకు చనుబాలు తగ్గించుటయే హాని.

నాలుగు నెలల లోపు శిశువు నోటిలో ఘనపదార్థమును పెట్టినచో నాలుక దానిని బయటికి నెట్టివేయును. ఇది మొండితనము కాదు, ఊపిరికి అడ్డుపడకుండ ప్రకృతి అమర్చిన ప్రతిక్రియ. నాలుగు ఆరు నెలల నడుమ అది క్రమముగా తొలగును. పిండిపదార్థమును జీర్ణము చేయు అమైలేజ్ అను ఎంజైము క్లోమగ్రంథి నుండి తొలి మాసములలో మిక్కిలి స్వల్పముగా వెలువడును. వీటికి మించినది నీటి సంగతి. కాలువ కట్టివేసిన వేసవిలో డెల్టా గ్రామములు చెరువులో నిలువ చేసిన నీటిని త్రాగుట ఎరుగనివారు లేరు. తల్లిపాలకు గిన్నె అక్కరలేదు, నీరు అక్కరలేదు. గంజికి రెండును కావలెను. నీటి సౌకర్యము బాగుగా ఉన్న బెలారుస్ దేశములో సయితము, మూడు నెలలు మాత్రమే కేవల స్తన్యముపై ఉన్న శిశువులకంటె ఆరు నెలలున్న శిశువులకు జీర్ణకోశ వ్యాధులు తక్కువగా వచ్చినట్లు క్రేమర్ అను వైద్యుడును ఆయన సహచరులును చూపిరి. అంతకుముందు నాలుగు నుండి ఆరు నెలలని చెప్పుచుండిన ప్రపంచ ఆరోగ్య సభ 2001లో ఆరు నెలలని తీర్మానించినది.

ఇది వాదమునకు అతీతమైన తీర్పు కాదు. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫ్యూట్రెల్ మొదలగువారు ఈ నియమమునకు ఆధారములు సంపన్న దేశముల విషయమున చాలవనియు, ఆలస్యము వలన ఇనుము కొరత ఏర్పడవచ్చుననియు ఆక్షేపించిరి. ఐరోపా శిశు జీర్ణకోశ వైద్యుల సంఘము 2017లో నాలుగు నెలలకు ముందు వలదు, ఆరు నెలలు దాటనీయవలదు అని చెప్పినది. డెల్టా నీటిని తలచినచో ఆరు నెలల పక్షమే బలమైనదని తోచును. కాని ఆక్షేపణలోని రెండవ సగమును తోసివేయరాదు.

నెలలు నిండి పుట్టిన శిశువు తల్లి గర్భము నుండియే ఇనుమును కూడబెట్టుకొని వచ్చును. అది నాలుగు నుండి ఆరు నెలలకు సరిపోవును. తక్కువ బరువుతో పుట్టినవారి నిలువ ఇంకను ముందే తరుగును గనుక వారికి వైద్యుడు ఇనుపమందును వేరుగా ఇచ్చును. తల్లిపాలలో ఇనుము లీటరుకు సుమారు 0.35 మిల్లీగ్రాములు. దినమునకు 750 మిల్లీలీటర్ల పాలు త్రాగిన శిశువునకు 0.26 మిల్లీగ్రాములు అందును. అందులో సగము రక్తములో చేరినదనుకొన్నను 0.13. ఆరు నెలలు దాటిన శిశువు శరీరమున దినమునకు సుమారు 0.7 మిల్లీగ్రాములు చేరవలెను. ఈ తేడాను తల్లిపాలు పూడ్చలేవు, మరపట్టిన తెల్లబియ్యము అంతకన్న పూడ్చలేదు. కాలేయము, మాంసము, చేప, పప్పు, ఆకుకూరతోబాటు కొంచెము నిమ్మరసము పూడ్చగలవు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 6 నుండి 59 నెలల బిడ్డలలో నూటికి 67.1 మందికి రక్తహీనత కనబడుటకు కారణములు అనేకములే గాని, వానిలో ఈ లెక్క ఒకటి.

ఇక గంజి సంగతి. ఏడవ నెల మొదలు తొమ్మిదవ నెల నిండువరకు తల్లిపాలకు అదనముగా దినమునకు సుమారు 200 క్యాలరీలు, ఆపై ఏడాది నిండువరకు 300, రెండవ ఏట 550 కావలెను. ఏడు కిలోల శిశువు కడుపు ఒక్కసారికి పట్టునది 210 మిల్లీలీటర్లు మాత్రమే. 100 మిల్లీలీటర్ల నీటిలో 5 గ్రాముల బియ్యపు పిండి వేసి కాచిన జావలో సుమారు 18 క్యాలరీలుండును. 200 క్యాలరీలు రావలెనన్న అట్టి జావ లీటరుకు మించి త్రాగవలెను, అనగా ఐదుసార్లు కడుపు నిండ. తల్లిపాలకు చోటెక్కడిది? కడుపు నిండిన బిడ్డ ఏడువదు. ఏడువని బిడ్డకు ఆకలి లేదని తల్లి తలచును. బిడ్డ ఎదుగుదల కుంటుపడును. చెంచా వంచినను జారక నిలుచునంత చిక్కని పప్పన్నమునకు ఒక చిన్న చెంచెడు నేయి చేర్చినచో 100 గ్రాములలోనే సుమారు 100 క్యాలరీలు వచ్చును. ఆ 200 క్యాలరీలు రెండు మూడు పూటలలో అమరిపోవును.

పెద్దల పద్ధతులన్నియు తప్పనుటయు తప్పే. బియ్యమును పెసరపప్పును వేయించి విసరి వండు ఉగ్గులో ఒకదానిలో తక్కువైన ఆమినో ఆమ్లమును రెండవది పూరించును. దానిని పలుచన చేయుటయే లోపము. తెల్లబియ్యపు దోషము మాత్రము తీరములో పాత కథ. ఉప్పుడు బియ్యము కాక మరపట్టిన పచ్చిబియ్యము తిను ఉత్తర సర్కారులలో బెరిబెరి ఒకప్పుడు స్థిరముగా ఉండెడిది. థయమిన్ కొరవడిన తల్లుల పాలు త్రాగిన శిశువులును దానికి లోనైరి. నేడు హైదరాబాదులోనున్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో మెకారిసన్ చేతిలో బెరిబెరి విచారణ శాఖగానే పుట్టినది.

గుడ్డు వేడియని, వేరుసెనగ పడదని ఏడాది వరకు దూరముంచు వారున్నారు. ఇందు పల్లెవారినే నిందింపనక్కరలేదు. అమెరికా శిశువైద్యుల సంఘము 2000లో, ఎలర్జీ వంశముల బిడ్డలకు గుడ్డు రెండేండ్ల వరకు, వేరుసెనగ మూడేండ్ల వరకు వలదని చెప్పి, 2008లో ఆ మాటను విడిచినది. 2015లో లండనులో 640 మంది శిశువులపై జరిగిన పరిశీలనలో, వేరుసెనగను ముందునుండి తినిన వారిలోనే ఆ ఎలర్జీ మిక్కిలి తక్కువగా కనబడినది. గింజగా కాదు, మెత్తని ముద్దగా. గింజ గొంతులో అడ్డుపడును. తేనె మాత్రము ఏడాది వరకు నాకింపరాదు. అందుండు సూక్ష్మజీవి బీజములు శిశువు పేగులో విషము పుట్టింపవచ్చును.

ప్రచారమును గూడ విమర్శింపవలసియున్నది. “ఆరు నెలల వరకు తల్లిపాలే” అను నినాదము సత్యమే, కాని సగము వాక్యము. అదే సర్వేలో 6–8 నెలల బిడ్డలలో తల్లిపాలతోబాటు ఘనాహారము అందుచున్నది నూటికి 45.9 మందికే, 6–23 నెలల వారిలో తగిన ఆహారము పొందుచున్నది 11.3 మందియే. అంగన్‌వాడీ ద్వారా ఏడవ నెల నుండి ఇచ్చు బాలామృతము ఈ కొరతకు విరుగుడుగా వచ్చినదే. గోధుమ, సెనగపప్పు, పాలపొడి, నూనెతోబాటు అందులో చక్కెరయు ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకము రెండేండ్ల లోపు వారికి తీపి కలిపిన ఆహారము వలదనుచున్నది గనుక, ఆ పాళ్ళను మరల చూడవలెను.

చిక్కని జావ మ్రింగలేని బిడ్డ విషయమున ఒక ఉపాయము కలదు. మైసూరు ఆహార పరిశోధనాలయమునందును, బరోడాలో తారా గోపాల్‌దాస్ చేతను ఇది పరీక్షింపబడినది. రాగులో గోధుమలో నానబెట్టి, మొలకలెత్తించి, ఎండబెట్టి, వేర్లు నలిపివేసి, సన్నని సెగపై వేయించి పిండి చేయవలెను. మొలకెత్తు గింజలో అమైలేజ్ విస్తారముగా పుట్టును. ఒక చిటికెడు పిండిని, మరుగుట మాని వేడిగానున్న చిక్కని జావలో కలిపినచో కొన్ని నిమిషములలో అది జారుడగును. క్యాలరీలు మాత్రము తగ్గవు. మరల ఒకసారి మరిగించి, ఆరనిచ్చి పెట్టవలెను. దీనిని తరగతిలోనే చూపవచ్చును. రెండు గాజు గ్లాసులలో ఒకే జావ పోసి, ఒకదానిలో మొలకపిండి కలిపి, అరగంట తరువాత రెండింటినుండి చుక్క చొప్పున తీసి నీట పలుచన చేసి అయొడీను వేయుడు. మొలకపిండి కలుపని దానిలో ముదురు నీలము వచ్చును. రెండవదానిలో నీలము వెలిసి ఊదాకో ఎరుపుకో తిరుగును.