సీసాలోని పీతకు పేరు
ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ లోతు సముద్రం నుంచి తెచ్చిన పీతలను, రొయ్యలను కలకత్తా ఇండియన్ మ్యూజియంలో జాతులవారీగా వర్ణించిన ఆల్‌ఫ్రెడ్ ఆల్కాక్, 1888 నుంచి 1892 వరకు ఆ ఓడలోనే వైద్యుడిగా, ప్రకృతి పరిశోధకుడిగా పనిచేశాడు. ఆల్కహాలులో నిలవుంచిన పీత రంగు వెలిసిపోతుంది కనుక, వర్గీకరణ నిపుణుడు దాన్ని వెల్లకిలా తిప్పి, పొట్ట కింద ముడుచుకున్న మడతను సూదితో మెల్లగా పైకెత్తి, మగపీతలో సంయోగానికి ఉపకరించే మొదటి జత ఉపాంగాల కొన వంపును సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తాడు; పైకి ఒకేలా కనిపించే రెండు జాతుల తేడా తరచు అక్కడే తేలుతుంది. ఎంత నిదానమైన, ఎంత నిజాయితీ గల పని! నత్తల్లోనైతే గుల్లతో పాటు ఆహారాన్ని గీకే పళ్ల పట్టీని, అంటే రాడ్యులాను కూడా చూడాలి. దొరికిన చోటు, లోతు, తేదీ తెలిపే చీటీ పోతే నమూనా విలువ చాలావరకు పోయినట్టే. కొత్త జాతికి పేరు పెట్టినప్పుడు ఆధారంగా నిలిపిన హోలోటైపు, అంటే మూల నమూనా, వందేళ్ల తరువాత తలెత్తే సందేహానికి కూడా సమాధానం చెప్పవలసి ఉంటుంది.