స్టెల్లేరియం: రెండు రూపముల గుణదోషములు

ఆకాశమును కంప్యూటరు తెరపై చూపు ప్రోగ్రాములలో స్టెల్లేరియం పేరెన్నికగన్నది. దీనిని ఫాబియన్ షెరో అను ఫ్రెంచి ప్రోగ్రామరు 2000లో ప్రారంభించెను. నేడు ఇది ఉచితముగా రెండు రూపములలో లభించుచున్నది. కంప్యూటరులో స్థాపించుకొను డెస్క్‌టాప్ రూపము ఒకటి. బ్రౌజరులో తెరచుకొను వెబ్ రూపము మరొకటి. వీనిలో పాఠశాలకు ఏది తగినది?

వెబ్ రూపము యొక్క సౌలభ్యము కాదనరానిది. ఏమియు స్థాపించనక్కరలేదు, చేతిలోని ఫోనులోనైనను తెరచుకొనును, మార్పులు వచ్చినప్పుడు తనంత తానే క్రొత్తదగును. అయితే క్రొత్తది కనుక మేలైనదను తలంపు సరికాదు. గణనమంతయు దూరపు సర్వరులోనే జరుగునను భావమును పొరపాటే. ప్రోగ్రాము ఒకసారి వచ్చి చేరిన పిదప గ్రహస్థానములను వాడుకరి యంత్రమే లెక్కగట్టును. కాని మసక తారల వివరములు, నీహారికల చిత్రములు కావలసినప్పుడు సర్వరు నుండి రావలెను. పాఠము నడుమ ఇంటర్నెట్ తెగినచో ఉపాధ్యాయుడు నలువది మంది పిల్లల యెదుట సగము ఆకాశముతో నిలువవలసి వచ్చును.

డెస్క్‌టాప్ రూపము 6 లక్షలకు పైగా తారల పట్టికను తనతోనే తెచ్చుకొనును. కంటికి కనబడునవి ఆకాశమంతటను సుమారు 6 వేలే కనుక ఉన్నత పాఠశాలకు ఇది చాలును. టెలిస్కోపును నడుపుటకును, పాఠమునకు తగిన స్క్రిప్టులు వ్రాసికొనుటకును ఇందు వసతి కలదు. ఒకమారు సిద్ధపరచిన పాఠము మరుసటి యేడును అట్లే నడచును. దోషములును లేకపోలేదు. ప్రతి యంత్రములోను విడిగా స్థాపింపవలెను. చిత్రణ శక్తి చాలని పాత కంప్యూటర్లలో క్రొత్త సంచికలు నడవకపోవచ్చును.

ఏ రూపమైనను గ్రుడ్డిగా నమ్మరాదు. ధ్రువనక్షత్రపు ఎత్తు ఆయా స్థలముల అక్షాంశమునకు దాదాపు సమానము. హైదరాబాదులో అది సుమారు 17 డిగ్రీలు. స్థలము పొరపాటున ప్యారిస్ అని ఉన్నచో తెరపై 49 డిగ్రీల ఎత్తున కనబడును. ఈ చిన్న పరీక్షను విద్యార్థులచేతనే చేయించుట మేలు.

కావున తరగతి గదికి డెస్క్‌టాప్ రూపమే నమ్మదగినది. రాత్రి మేడపై నిలిచి తారను గుర్తింపగోరు విద్యార్థికి వెబ్ రూపము చాలును. ఇంటర్నెట్ తెగినప్పుడు పాఠము నిలుచునా, ఆగునా అనునదే ఈ ఎంపికకు అసలైన గీటురాయి.